ఉగ్రవాద నిధుల కేసులో కోర్టు అడిగే రెండు ప్రశ్నలు

(విజయనగరంలో న్యాయవాదులు, బ్యాంకు అధికారులు, దర్యాప్తు అధికారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి న్యాయవాదులకు, బ్యాంకుల నుంచి, పోలీసు శాఖ నుంచి వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఒక బ్యాంకు స్టేట్‌మెంటును ఊహించుకుందాం. పార్వతీపురంలో ఒక సేవింగ్స్ ఖాతా. ఖాతాదారు జీతం నెలకు 18,000. మార్చి నుంచి మే దాకా ఆ ఖాతాలో 14 సార్లు నగదు పడింది. ఒకసారి 49,000, ఒకసారి 49,500, ఇంకోసారి 48,000. ఏ రోజూ 50,000 తాకలేదు, ఎందుకంటే ఒక్క రోజులో 50,000 దాటి నగదు కడితే పాన్ నంబరు అడుగుతారు. పడిన డబ్బు పడిన రోజే సాయంత్రానికి కొంత ఏటీఎంలో, కొంత యూపీఐలో బయటికి పోయింది. ఈ కాగితం చూస్తే దర్యాప్తు అధికారికి అనుమానం వస్తుంది. రావాలి కూడా. కానీ ఈ ఒక్క కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్తే కేసు నిలవదు. అది గంజాయి డబ్బు కావచ్చు, పేకాట డబ్బు కావచ్చు, చీటీపాట కావచ్చు, బిల్లు లేకుండా అమ్మిన జీడిపిక్కల డబ్బు కావచ్చు.

కోర్టు అడిగేవి రెండే ప్రశ్నలు. ఈ డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లిందో ఒక్క మెట్టు కూడా తప్పకుండా చూపించగలరా? ఇచ్చినవాడికి అది ఎందుకు వెళ్తోందో తెలుసా? సెక్షన్లు ఎన్ని పెట్టినా, చార్జిషీటు ఎన్ని వేల పేజీలున్నా చివరికి ఈ రెండింటి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

చాలామంది ఉగ్రవాద నిధులనూ మనీలాండరింగునూ ఒకే గాటన కడతారు. రెండూ ఎదురెదురుగా నడిచే బళ్లు. మనీలాండరింగులో మురికి డబ్బును తెల్లగా చేస్తారు. ఉగ్రవాద నిధుల్లో చాలాసార్లు తెల్ల డబ్బే మురికి పనికి వెళ్తుంది. నెల జీతం, పొలం అమ్మిన సొమ్ము, గల్ఫ్ నుంచి వచ్చిన సంపాదన, ఏదైనా కావచ్చు. అందుకే 2002 నాటి మనీలాండరింగు చట్టంతో మాత్రమే వెళ్తే చిక్కు వస్తుంది. ఆ చట్టానికి ముందుగా ‘నేరం వల్ల వచ్చిన సొమ్ము’ ఉండాలి. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ) సెక్షన్ 17లో ఆ ఇబ్బంది లేదు. డబ్బు సక్రమంగా వచ్చినా, అక్రమంగా వచ్చినా ఒకటే. ఆ డబ్బు నిజంగా వాడారా లేదా అన్నదీ అక్కర్లేదు. ఉగ్రవాద చర్యకు వాడే అవకాశం ఉందని తెలిసి ఇచ్చినా, పోగుచేసినా చాలు. శిక్ష కనీసం 5 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. నిషేధిత సంస్థ కోసం డబ్బు పోగుచేయడానికి సెక్షన్ 40 వేరే ఉంది, అందులో గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు.

మొత్తం చిన్నదైతే కేసు చిన్నదనుకోవడం ఇంకో పొరపాటు. 2005లో లండన్ రైళ్లలో, బస్సులో జరిగిన పేలుళ్లకు అయిన ఖర్చు 8,000 పౌండ్ల లోపేనని అక్కడి ప్రభుత్వ నివేదికే చెప్పింది. బ్యాంకు మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. నగదు లావాదేవీల నివేదికకు 10 లక్షల గీత ఉంది. అనుమానాస్పద లావాదేవీ నివేదికకు ఏ గీతా లేదు. 9,000 రూపాయల మీదైనా పంపొచ్చు. పంపినట్టు ఖాతాదారుకు చెప్పకూడదు, అంతే.

‘తెలిసి’ అన్న మాట దగ్గరికి వద్దాం. సిరిమానోత్సవానికి వీధిలో చందా పడతారు. ఇచ్చినవాడు రసీదు కూడా అడగడు. ఆ చందాలో కొంత ఎవరో దారి మళ్లించి తప్పుడు పనికి వాడితే, ఇచ్చినవాడు నేరస్థుడు కాడు. వాడికి తెలియదు కాబట్టి. కొందరు దర్యాప్తు అధికారులు సెక్షన్ 43ఈ చూపించి, ఇక్కడ నేరం చేసినట్టే కోర్టు భావించాలి కదా అంటారు. అది సెక్షన్ 15 నేరానికి, అంటే ఉగ్రవాద చర్యకు మాత్రమే. ఆయుధాలో పేలుడు పదార్థాలో నిందితుడి దగ్గర దొరికితేనో, నేరం జరిగిన చోట అతని వేలిముద్రలు దొరికితేనో అది పనిచేస్తుంది. డబ్బు ఇచ్చాడన్న ఆరోపణకు అది వర్తించదు. తెలుసునని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. ఎలా? ఫోన్ సంభాషణలు, డబ్బుకు ముందూ వెనకా జరిగిన కలయికలు, మారుపేర్లు, డబ్బును ముక్కలు చేసిన తీరు, అడిగినప్పుడు చెప్పిన అబద్ధం. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. నాలుగైదు కలిస్తే నిలుస్తుంది.

మన జిల్లాలకు, ముఖ్యంగా ఆంధ్రా ఒడిశా సరిహద్దుకు, దీనిలో అతి ముఖ్యమైన ముక్క బెదిరింపు వసూళ్లు. మావోయిస్టు పార్టీ 2009 జూన్‌లో యూఏపీఏ మొదటి షెడ్యూల్లోకి, అంటే ఉగ్రవాద సంస్థల జాబితాలోకి ఎక్కింది. ఏజెన్సీలో రోడ్డు పని పట్టిన కాంట్రాక్టరు, క్వారీ యజమాని, లారీలు తిప్పే రవాణాదారు డబ్బు కట్టాడనుకోండి. అతను బాధితుడా, నిధులిచ్చినవాడా? జార్ఖండ్‌కు చెందిన సుదేష్ కేడియా కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్ననే చూసింది. ఆయన బొగ్గు రవాణాదారు. తృతీయ ప్రస్తుతి కమిటీ అనే ముఠాకు డబ్బు కట్టాడని, వాళ్లను కలిశాడని ఆరోపణ. బెదిరింపుకు లొంగి కట్టిన డబ్బు ఉగ్రవాద నిధి కాదని, ఆ వసూలు కోసమే జరిగిన కలయికను కుట్ర అనలేమని కోర్టు చెప్పి బెయిలు ఇచ్చింది. అది బెయిలు ఉత్తర్వు. తుది తీర్పు కాదు. దాన్ని చూపించి ఏ కాంట్రాక్టరూ నిశ్చింతగా ఉండకూడదు.

ఎందుకంటే దీనికి రెండో కొస కూడా ఉంది. సిరియాలో ఫ్రాన్సుకు చెందిన సిమెంటు కంపెనీ లఫార్జ్ 2013, 2014 సంవత్సరాల్లో ఐసిస్, అల్‌నుస్రా అనే ఉగ్రవాద సంస్థలకు దాదాపు 59 లక్షల డాలర్లు చెల్లించింది. మొదట దారిలో లారీలను వదలడానికి కట్టారు. తర్వాత అమ్మిన సిమెంటు టన్నుల లెక్కన వాటా మాట్లాడుకున్నారు, పోటీగా వచ్చే టర్కీ సిమెంటును వాళ్ల చేత ఆపించుకోవాలనీ చూశారు. 2022 అక్టోబరులో న్యూయార్క్ కోర్టులో ఆ కంపెనీ నేరం ఒప్పుకుని దాదాపు 77 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టింది. కేడియా కేసుకూ దీనికీ తేడా మొత్తంలో లేదు. తలమీద తుపాకీ ఉన్నవాడు కట్టడం వేరు, తుపాకీ ఉన్నవాడిని భాగస్వామిని చేసుకుని లాభం చూసుకోవడం వేరు.

అందుచేత అలాంటి కక్షిదారు వస్తే అడగాల్సినవి ఇవి. బెదిరింపు వచ్చినప్పుడు ఎవరికైనా చెప్పాడా, స్టేషన్లో కాకపోయినా శాఖ ఇంజనీరుకైనా ఒక ఉత్తరం రాశాడా? రేటు వాళ్లు చెప్పిందా, ఇద్దరూ కూర్చుని తేల్చుకున్నదా? కట్టాక అతనికి కొత్త లాభం ఏమైనా వచ్చిందా, పోటీ కాంట్రాక్టరు టెండరు వేయకుండా తప్పుకున్నాడా? లెక్కల్లో ఆ డబ్బును ఎలా చూపించాడు? కంకర, డీజిలు, కూలి పేరుతో దొంగ ఓచర్లు రాసి ఉంటే, అదే రేపు ‘తెలిసి దాచాడు’ అనడానికి సాక్ష్యం అవుతుంది. కేడియా ఇంట్లో 9,95,000 నగదు దొరికింది. దానికి లెక్క చూపగలగడం ఆయనకు మేలు చేసింది. లెక్క రాయడం భయపడేవాడికి కూడా రక్షణే.

ఇక దర్యాప్తులో చేతితో చేసే పని. కేసులు ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి.

నగదు పట్టుకున్నారు అనుకుందాం. మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) సాధారణంగా ‘500 నోట్లు 40 కట్టలు, మొత్తం 20 లక్షలు’ అని రాసి ఇద్దరు వీఆర్వోల సంతకాలు తీసుకుంటారు. అది చాలదు. కట్ట చుట్టూ ఉండే కాగితపు పట్టీ మీద బ్యాంకు శాఖ ముద్ర, తేదీ, క్యాషియరు పొట్టి సంతకం ఉంటాయి. ఆ పట్టీ ఒక్కటే ఆ డబ్బు ఏ శాఖ నుంచి, ఏ రోజు బయటికి వచ్చిందో చెబుతుంది. లెక్కపెట్టే తొందరలో వాటిని చింపి పారేస్తారు. నోట్లను కలిపేసి తర్వాత ట్రెజరీలోనో బ్యాంకులోనో జమ చేస్తారు. అంతే, డబ్బు దారిలో మొదటి మెట్టు పోయింది. కాబట్టి ముందు పట్టీలతో సహా ఫొటో, తర్వాత ప్రతి కట్టకు వేరే కవరు, కవరు మీద మొదటి నోటు, చివరి నోటు నంబర్లు, ఆ తర్వాతే లెక్క. ఈ పనంతా భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 105 ప్రకారం వీడియో తీయాలి. వీడియో మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే డిఫెన్సు వకీలుకు పండగే.

ఇంకో సంగతి. యూఏపీఏ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గిన అధికారి దర్యాప్తు చేయకూడదు, ఎన్ఐఏలో అయితే ఇన్‌స్పెక్టరు దాకా ఫర్వాలేదు. ఎస్ఐ మామూలు కేసు కట్టి పదిహేను రోజులు వాంగ్మూలాలు తీసుకున్నాక సెక్షన్ 17 కలపడం, ఆ పదిహేను రోజుల పనిని డీఎస్పీ మళ్లీ చేయకుండా కాపీ చేసుకోవడం మామూలు తప్పు. ఆస్తి జప్తుకు సెక్షన్ 25 కింద డీజీపీ ముందస్తు లిఖిత అనుమతి కావాలి. జప్తు చేసిన 48 గంటల్లో నిర్దేశిత అధికారికి తెలియజేయాలి. ఆయన 60 రోజుల్లో దాన్ని ఖాయం చేయాలి లేదా రద్దు చేయాలి, రెండింటికీ ముందు అవతలివాళ్ల మాట వినాలి. నగదు విషయంలో గడువు ఇంకా బిగువు. 48 గంటలు దాటి ఉంచుకోవాలంటే నిర్దేశిత అధికారి ఉత్తర్వు చేతిలో ఉండాలి. శనివారం రాత్రి పట్టుకున్న డబ్బుకు సోమవారం రాత్రికల్లా ఆ కాగితం రావాలన్నమాట. ఆదివారం సెలవని చట్టంలో లేదు.

బ్యాంకు కాగితాలు. స్టేట్‌మెంటు మీద గుండ్రటి ముద్ర వేసి ‘సర్టిఫైడ్’ అని రాస్తే అది సాక్ష్యం అయిపోదు. బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం 1891లో సెక్షన్ 2ఏ చెప్పిన మూడు ధ్రువపత్రాలు ఉండాలి, ఒకటి మేనేజరు లేదా ముఖ్య అకౌంటెంటు ఇచ్చేది, మిగతా రెండూ కంప్యూటరు వ్యవస్థ బాధ్యుడు ఇచ్చేవి. ఫోను, ల్యాప్‌టాప్ సమాచారానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తుతో) సహా. ధ్రువపత్రం లేకుంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యం చెల్లదని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. స్టేట్‌మెంటుతో పాటు ఖాతా తెరిచిన దరఖాస్తు, కేవైసీ కాగితాలు, నగదు కట్టిన చలానాలు అడగండి. చలానా మీద చేతిరాత ఉంటుంది, స్టేట్‌మెంటు మీద ఉండదు. కౌంటరు కెమెరా దృశ్యాల మీద నెలలు గడిచేకొద్దీ కొత్తవి ఎక్కిపోతాయి. అందుకని మొదటి రోజు వెళ్లాల్సిన ఉత్తరం స్టేట్‌మెంటు కోసం కాదు, కెమెరా దృశ్యాలు చెరపకుండా ఉంచమని.

అనుమానాస్పద లావాదేవీ నివేదికను చార్జిషీటుకు జతచేస్తే కొంప మునుగుతుంది. అది దర్యాప్తుకు దారి చూపే సమాచారం. కోర్టులో పెట్టే సాక్ష్యం కాదు. దాన్ని చదివి, అందులోని ప్రతి అంకెనూ మళ్లీ బ్యాంకు నుంచి సొంతంగా తెప్పించుకోవాలి.

హవాలాలో పుస్తకాలు ఉండవు, గుర్తు ఉంటుంది. ఒక 10 రూపాయల నోటు నంబరు. దుబాయ్‌లో డబ్బు తీసుకున్నవాడు ఆ నోటు ఫొటో ఇక్కడికి పంపిస్తాడు. ఇక్కడ అదే నోటు పట్టుకొచ్చినవాడికి డబ్బు ఇస్తారు. కాబట్టి సోదాలో చిరిగిన పది రూపాయల నోటు దొరికితే దాన్ని చిల్లరలో కలపొద్దు. ఫోనులో ఉన్న ఫొటో, జేబులో ఉన్న నోటు, రెండు నంబర్లూ కలిస్తే అది రసీదుతో సమానం. అయితే శ్రీకాకుళం తీరం నుంచి గల్ఫ్ వెళ్లిన కూలీలు కొందరు ఇంటికి ఇదే దారిలో పంపుతారు. అది విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ఉల్లంఘన. దాన్ని ఉగ్రవాదం అని రాయడం తప్పు మాత్రమే కాదు, నిజమైన కేసును కూడా నీరుగారుస్తుంది.

గడువుల విషయం త్వరగా చెబుతాను. అరెస్టు కారణాలు లిఖితంగా ఇవ్వాలని 2023లో పంకజ్ బన్సల్ కేసులో మనీలాండరింగు చట్టానికి, 2024లో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో యూఏపీఏకు సుప్రీంకోర్టు చెప్పింది. సీతంపేట, భద్రగిరి వైపు సవర మాత్రమే వచ్చిన మనిషికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం ఇచ్చినట్టు కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ల కిందట ఆ భాష నేర్చుకున్నారు, మనకు ఒక దుబాసీని పిలవడానికి ఏం అడ్డం? చార్జిషీటుకు 90 రోజులు. పబ్లిక్ ప్రాసిక్యూటరు కారణాలు చూపి అడిగితే 180. ప్రాసిక్యూషన్ అనుమతికి స్వతంత్ర పరిశీలన అధికారికి 7 పనిదినాలు, తర్వాత ప్రభుత్వానికి 7 పనిదినాలు. ఈ గడువులు తప్పనిసరని 2024లో ఫులేశ్వర్ గోప్ కేసులో తీర్పు వచ్చింది. విదేశీ బ్యాంకు జవాబు 180 రోజుల్లో రాదు. దాని కోసం కూర్చుంటే నిందితుడు గడువు దాటినందుకు దక్కే బెయిలు మీద బయటికి వస్తాడు. భారతదేశంలో ఉన్న మెట్లతో మొదటి చార్జిషీటు, విదేశీ మెట్టుకు అదనపు చార్జిషీటు, ఇదే దారి.

బెయిలు దగ్గర రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుకు చదవాలి. 2019లో కాశ్మీర్ నిధుల కేసులో జహూర్ అహ్మద్ షా వటాలీకి హైకోర్టు ఇచ్చిన బెయిలును సుప్రీంకోర్టు రద్దు చేస్తూ, ఆ దశలో సాక్ష్యాన్ని తూకం వేయకూడదు, ప్రాథమికంగా నిజమనిపిస్తే చాలు అంది. 2021లో కె.ఎ. నజీబ్ కేసులో, అయిదేళ్లకు పైగా జైల్లో ఉండి ఇంకా 276 మంది సాక్షులు మిగిలి ఉంటే, బెయిలును బిగించే యూఏపీఏ సెక్షన్ 43డి(5) అడ్డం రాదని బెయిలు నిలబెట్టింది. కాబట్టి సాక్షుల జాబితా పొడవు పెంచితే కేసు బలపడదు. బెయిలు తలుపు తెరుచుకుంటుంది. బ్యాంకు కాగితాలకు ధ్రువపత్రాలు సరిగ్గా ఉంటే ఇరవై మంది బ్యాంకు ఉద్యోగులను బోనెక్కించే పని ఉండదు. మన దేశంలో ఈ కేసుల విచారణలు తేలడం లేదని 2024 సెప్టెంబరులో వెలువడిన, అక్రమ నిధులపై నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ నివేదిక కూడా వేలెత్తి చూపింది. అది అన్యాయమైన మాట కాదు. 2025 మేలో మన విజయనగరంలోనే నమోదైన పేలుడు పదార్థాల కుట్ర కేసు గురించి మీలో కొందరు అడుగుతారని తెలుసు. అది కోర్టు ముందుంది, దాని గురించి మాట్లాడను.

దొంగనోట్ల గురించి ఒక్క మాట. 2012 సవరణతో నాణ్యమైన దొంగనోట్ల చలామణీ ఉగ్రవాద చర్య నిర్వచనంలోకి వచ్చింది. కౌంటరులో ఒకే లావాదేవీలో నాలుగు దాకా దొరికితే నెలవారీ నివేదికలో పోలీసులకు, అయిదు దొరికితే వెంటనే ఎఫ్ఐఆర్‌కు. నోటును తిరిగి ఇచ్చేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

ఇక బాధితులు. నిందితుడికి శిక్ష పడితే చచ్చిపోయినవాడి ఇంటికి ఏం దక్కుతుంది? ఉత్తర ఐర్లండులో 1998లో ఒమా పట్టణంలో బాంబు పేలి 29 మంది చనిపోయారు. హత్యానేరం కింద ఎవరికీ శిక్ష పడలేదు. కుటుంబాలు సివిల్ దావా వేశాయి. క్రిమినల్ కేసుకు కావలసినంత గట్టి రుజువు అక్కడ అక్కర్లేదు. 2009లో బెల్‌ఫాస్ట్ కోర్టు రియల్ ఐఆర్ఏ అనే సాయుధ ముఠాను, నలుగురు మనుషులను బాధ్యులను చేసి 16 లక్షల పౌండ్లు ఇవ్వమంది. అమెరికాలో చట్టమే మూడింతల నష్టపరిహారం ఇస్తుంది. 1996లో వెస్ట్‌బ్యాంకులో చనిపోయిన డేవిడ్ బోయిమ్ తల్లిదండ్రులకు 2004లో చికాగో కోర్టులో 5 కోట్ల 20 లక్షల డాలర్లు ఖరారై, మూడింతలై 15 కోట్ల 60 లక్షలు అయింది. డిక్రీ వచ్చింది, వసూలు రాలేదు. దావా పడిన సంస్థలు మూతపడ్డాయి. అక్కడ కూడా ఈ తలుపు అందరికీ తెరవరు. ఉగ్రవాదులు తన వేదికను వాడుకున్నంత మాత్రాన ట్విట్టర్ బాధ్యురాలు కాదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మళ్లీ అదే ప్రశ్న, తెలిసి సాయం చేశాడా అన్నది.

మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. యూఏపీఏలో కోర్టు స్వాధీనం చేయించిన ఆస్తి ప్రభుత్వానికి పోతుంది, బాధితుడికి కాదు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 396 కింద న్యాయ సేవాధికార సంస్థకు పరిహారం దరఖాస్తు, కేంద్ర పథకం కింద 5 లక్షలు ఉన్నాయి. వాటికి తోడు ప్రాణనష్టానికి 1855 నాటి చట్టం కింద సివిల్ దావా వేయడానికి అడ్డమేమీ లేదు. కోర్టు ఫీజు భరించలేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 33 కింద పేదవాడి దావాగా వేయొచ్చు. ఆస్తి చేతులు మారుతుందని భయముంటే ఆర్డరు 38 రూలు 5 కింద తీర్పుకు ముందే జప్తు అడగొచ్చు. కానీ ఆ ఆస్తి అప్పటికే సెక్షన్ 25 కింద జప్తై, సెక్షన్ 26 కింద ప్రభుత్వపరం అయిపోతే సివిల్ కోర్టుకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగుదామని చాలా కుటుంబాలు కూర్చుంటాయి. ఈ దావాకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 82 ప్రకారం గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్లే. అలాంటి కుటుంబం మీ ఆఫీసు మెట్లెక్కితే ముందుగా చూడాల్సింది ఎఫ్ఐఆర్ కాదు, మరణ ధ్రువపత్రం మీద తేదీ.